డొమైన్ పేరుకు కొనేవాళ్లను ఏఐతో వెతకడం: మొదటి జాబితా నుంచి డబ్బు ఖాతాలో పడేదాకా

డొమైన్ పేర్లు, అంటే వెబ్‌సైట్ అడ్రస్‌లు, కొని పెట్టుకున్నవాళ్లు సాధారణంగా వాటికి ఆఫ్టర్‌నిక్, సెడో లాంటి డొమైన్లు అమ్మే సైట్లలో ఒక ధర వేసి వదిలేస్తారు. ఎవరైనా వెతుక్కుంటూ వస్తే అమ్ముడవుతాయి, రాకపోతే ఏటా రెన్యువల్ కట్టుకుంటూ కూర్చోవాలి. ఈ పేరు ఎవరికి అవసరమో మనమే కనుక్కుని, వాళ్ల దగ్గరికి వెళ్లి అడగడం ఇంకో పద్ధతి. ఔట్‌బౌండ్ అనేది దీన్నే. ఇందులో శ్రమంతా వెతకడంలోనే ఉంటుంది. ఏఐ సాయపడేది కూడా అక్కడే, వాడడం తెలిస్తే.

చాలామంది చాట్‌జీపీటీ తెరిచి, "ఈ డొమైన్ కొనే 50 కంపెనీల పేర్లు, వాటి ఈమెయిళ్లు ఇవ్వు" అని అడుగుతారు. అది 50 పేర్లూ ఇస్తుంది. సరిచూడడం మొదలుపెట్టాక తెలుస్తుంది: కొన్ని ఎప్పుడో మూతపడ్డాయి, కొన్ని అసలు లేనేలేవు, ఈమెయిళ్లు చాలావరకు ఊహించి రాసినవి. ఆ జాబితాకు మెయిళ్లు పంపితే సగం వెనక్కొస్తాయి, మీ మెయిల్ ఖాతా స్పామ్ ముద్ర వేయించుకుంటుంది. అందుకే ఏఐని కంపెనీల పేర్లు అడగకండి, కొనేవాళ్ల కోవలు అడగండి. పేర్లు మీరు నికరమైన చోట్ల నుంచి తెచ్చి దాని ముందు పెట్టండి, వడపోత దాంతో చేయించండి. కింద చెప్పే ప్రతి మెట్టుకూ ఇదే ఆధారం.

ఉదాహరణకు హైదరాబాద్‌సోలార్ డాట్ కామ్ లాంటి పేరు మీ చేతిలో ఉందనుకుందాం. ఈ రంగాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్ల పైకప్పులను లక్ష్యంగా పెట్టుకుంది. 3 కిలోవాట్లు, ఆపైన పెట్టుకునే ఇంటికి 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. దాంతో ప్రతి నగరంలోనూ ప్యానెళ్లు బిగించే సంస్థలు పోటీపడుతున్నాయి, ప్రకటనలకు డబ్బు పెడుతున్నాయి. పోటీ, ప్రకటనల ఖర్చు రెండూ కనిపించే రంగంలోనే డొమైన్ అడిగేవాళ్లు దొరుకుతారు.

వెతికే ముందు పేరును పరీక్షించండి

మొదట ట్రేడ్‌మార్క్. ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లోని పబ్లిక్ సెర్చ్‌లో ఆ పదం కోసం చూడండి. మన ఉదాహరణకైతే మూడు తరగతులు చాలు: ప్యానెళ్లకు 9, బిగింపు పనికి 37, విద్యుదుత్పత్తికి 40. అమెరికా కొనుగోలుదారులను కూడా అనుకుంటే అక్కడి ట్రేడ్‌మార్క్ కార్యాలయమైన యూఎస్‌పీటీఓ సెర్చ్‌లోనూ చూడాలి. "దీనికి ట్రేడ్‌మార్క్ ఉందా" అని ఏఐని అడిగి ఊరుకోకండి. ఆ రికార్డు అది చూడకుండానే "లేదు" అనేయగలదు.

ఈ మెట్టు దాటేసినవాళ్లకు జరిగే నష్టం ఎలాంటిదో యూడీఆర్‌పీ కింద వచ్చిన మొట్టమొదటి కేసే చెబుతుంది. డొమైన్ తగాదాలు తీర్చే ఈ విధానాన్ని, ప్రపంచవ్యాప్తంగా డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ 1999లో తెచ్చింది. ఆ ఏడాది అక్టోబర్‌లో ఒకతను వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ పేరుతో డాట్ కామ్ రిజిస్టర్ చేసి, మూడు రోజులకే 1,000 డాలర్లకు కొనుక్కోమని ఆ సంస్థకే రాశాడు. 2000 జనవరిలో తీర్పు వచ్చింది, పేరు ఆ సంస్థకు పోయింది. అతను పంపిన ఆ ప్రతిపాదనే దురుద్దేశానికి సాక్ష్యమైంది. మన దేశంలోనూ డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్క్ తరహా రక్షణ ఉంటుందని సత్యం ఇన్ఫోవే కేసులో 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. డాట్ ఇన్ పేర్ల తగాదాలకైతే, వాటిని చూసే నిక్సీ సంస్థ నడిపే ఐఎన్‌డీఆర్‌పీ అనే విధానం విడిగా ఉంది.

ఏఐతో ఇక్కడొక ప్రమాదం ఉంది. "ఈ పేరు అందరికంటే ఎవరికి ఎక్కువ అవసరం" అని అడిగితే, అచ్చంగా అదే బ్రాండు ఉన్న కంపెనీని అది జాబితాలో మొదట పెడుతుంది. మామూలు పదాలతో కూడిన పేరైతే పరవాలేదు. ఒక కంపెనీ సృష్టించుకున్న మాట మీ పేరులో ఉంటే మాత్రం వాళ్లకు రాయకండి. అసలు ఆ పేరు ఉంచుకోవడమే మంచిది కాదు.

తర్వాత, వెబ్‌సైట్ల పాత పేజీలు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో ఆ పేరు పాత రూపం చూడండి. గతంలో ఆ పేరు మీద జూదం సైటో నకిలీ మందుల సైటో నడిచి ఉంటే కొనేవాళ్లు వెనకడుగు వేస్తారు, గూగుల్‌లో దాని పాత మచ్చలూ ఉండొచ్చు. ఆ తర్వాత పేరును ఫోన్లో ఇద్దరికి చెప్పి, వాళ్లు విన్నది విన్నట్టు టైప్ చేయగలిగారో లేదో చూడండి. తెలుగు మాటల డొమైన్లు తేలిపోయేది ఇక్కడే. పచ్చళ్లు అనే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాయమంటే నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు: సీ ఒకటా రెండా, ఎల్ ఒకటా రెండా, మధ్యలో డీ పెట్టాలా? అలాంటి పేరుకు ఎక్కువమంది వాడే స్పెల్లింగు మీ దగ్గర లేకపోతే ధర సగానికి పడిపోతుంది.

కోవలు రాబట్టే ప్రశ్న

ఏఐకి పేరు ఒక్కటే ఇచ్చి వదిలేస్తే అది గాల్లో రాస్తుంది. ముందు పది వరుసల్లో వివరం రాయండి: పేరు, ఎక్స్‌టెన్షన్ (డాట్ కామ్, డాట్ ఇన్ లాంటి చివరి భాగం), ఏ భాషలో ఏ అర్థం, ఏ ఊళ్లకు సంబంధించింది, మీరు ఆశించే ధర, ఎవరికి రాయకూడదు. తర్వాత ఇలా అడగండి:

"ఈ డొమైన్ వాడుకుంటే నేరుగా డబ్బు లాభం పొందే వ్యాపారాల కోవలు 12 చెప్పు. కంపెనీల పేర్లు చెప్పకు. ఒక్కో కోవకు మూడు వివరాలు రాయి: వాళ్లకు ఒక కస్టమర్ వస్తే సుమారు ఎంత ఆదాయం, వాళ్లు కస్టమర్లను ఇప్పుడు ఎలా తెచ్చుకుంటున్నారు, అలాంటి సంస్థల జాబితా బహిరంగంగా ఏ రిజిస్టర్‌లో, ఏ డైరెక్టరీలో, ఏ ప్రదర్శనలో దొరుకుతుంది. చివర్లో, పైకి సరిపోయినట్టు కనిపించినా కొనని కోవలు మూడు చెప్పి కారణం రాయి."

ఇందులో మూడో వివరమే బంగారం. సోలార్ ఉదాహరణకు అది ప్యానెళ్లు బిగించే సంస్థలు, అపార్ట్‌మెంట్ సంఘాలకు పెద్ద ప్రాజెక్టులు చేసేవాళ్లు, ఇన్వర్టర్ డీలర్లు, సోలార్ రుణాలిచ్చే ఫైనాన్స్ సంస్థలు, ఎంక్వైరీలు పోగుచేసి ఇన్‌స్టాలర్లకు అమ్మే పోర్టళ్లు, ప్యానెళ్లు కడిగే సర్వీసులు అంటూ చెబుతుంది. పీఎం సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లో నమోదైన వెండర్ల జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుందన్న సంగతి కూడా ఈ ప్రశ్నలోనే బయటపడుతుంది. అది ఊహించి రాసిన 50 పేర్ల కంటే ఎన్నో రెట్లు విలువైనది.

చివర్లో అడిగిన "కొనని కోవలు" కూడా వదలొద్దు. ప్యానెళ్లు తయారుచేసే పెద్ద కంపెనీకి ఒక నగరం పేరున్న డొమైన్ అక్కర్లేదు, వాళ్ల వ్యాపారం దేశమంతా ఉంటుంది. కొత్తగా చేసేవాళ్లు ముందుగా రాసేది మాత్రం అలాంటి పెద్ద పేర్లకే. జవాబు రాక, ఔట్‌బౌండ్ పనిచేయదని మానేస్తారు.

పేరు తెలుగు మాటైతే ఇంకో ప్రశ్న కలపండి: "ఇవే అక్షరాలు ఇంకే భాషలో ఏ అర్థం ఇస్తాయి?" పెళ్లి అనే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఎల్ రెండుసార్లు పెట్టి రాస్తే, ఇటాలియన్‌లో అది తోళ్లు అని చదువుకునే మాట. అంటే మన కల్యాణ మండపాలు, ఫొటోగ్రాఫర్లు, మ్యాట్రిమొనీ వాళ్లతో పాటు ఇటలీ తోలు వ్యాపారం కూడా కొనుగోలుదారుల లెక్కలోకి వస్తుంది. ఒక మనిషికి తట్టని ఇలాంటి దారులు చూపడంలో ఏఐ నిజంగా దిట్ట. తిరకాసు కూడా ఇక్కడే ఉంది. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో చూసి ఒక్కోసారి తప్పు అర్థం పట్టుకుని, ఆ దారిలోనే 12 కోవలూ నింపేస్తుంది. అందుకే మాటను తెలుగు లిపిలో కూడా ఇచ్చి, అర్థం మీరే చెప్పండి.

అసలు పేర్లు ఎక్కడ నుంచి

అన్నిటికంటే ముందు మీ పేరుకే దగ్గరగా ఉన్నవి. డాట్‌డీబీ అనే సైట్‌లో మీ పేరు వేస్తే అదే మాట ఇంకే ఎక్స్‌టెన్షన్లలో రిజిస్టర్ అయిందో, దాని ముందూ వెనకా మాటలు చేర్చి ఎవరు తీసుకున్నారో చూపిస్తుంది. అదే పేరును డాట్ ఇన్‌లోనో, హైఫన్ పెట్టో, చివర ఇంకో మాట తగిలించో నడుపుతున్న వ్యాపారం మీకు మొదటి కొనుగోలుదారు. తనకు ఆ పేరు కావాలని అతను అప్పటికే డబ్బు పెట్టి చెప్పాడు. ఒక్కొక్కటీ బ్రౌజర్‌లో తెరిచి చూడండి. చాలావరకు పార్క్ చేసినవో (సైట్ లేకుండా ఊరికే ఉంచినవో), మీలాంటి అమ్మకందార్లవో అయ్యుంటాయి. అవి తీసేయండి, నడుస్తున్న సైట్లే ఉంచండి.

ఆ డొమైన్ల యజమాని ఎవరని, రిజిస్ట్రేషన్ వివరాలు చూపే హూఈజ్‌లో చూద్దామంటే ఇప్పుడు పెద్దగా దొరకదు. 2018 మేలో యూరప్ గోప్యతా చట్టం జీడీపీఆర్ అమల్లోకి వచ్చాక వ్యక్తుల వివరాలు దాచేస్తున్నారు. డాట్ కామ్ లాంటి వాటికి 2025 జనవరి 28 నుంచి హూఈజ్ స్థానంలో ఆర్‌డాప్ అధికారిక మార్గమైంది. అందులో పేరు లేకపోయినా రిజిస్టర్ చేసిన తేదీ, గడువు తేదీ కనిపిస్తాయి. పదేళ్ల నుంచి డాట్ ఇన్ నడుపుతున్న సంస్థకూ, మొన్న మొన్న తీసుకున్న వ్యక్తికీ తేడా ఆ తేదీలే చెబుతాయి.

రెండోది ప్రకటనలు. గూగుల్ యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్, మెటా యాడ్ లైబ్రరీ రెండూ ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. గూగుల్‌లో "సోలార్ ప్యానెల్ ఇన్‌స్టలేషన్ హైదరాబాద్" అని రోజులో రెండు మూడు వేళల్లో వెతికి, పైన స్పాన్సర్డ్ అని వచ్చే సైట్లన్నీ రాసుకోండి. ప్రతి క్లిక్‌కూ డబ్బు కడుతున్నవాళ్లకు మంచి పేరు విలువ వివరించి చెప్పాల్సిన పని ఉండదు.

మూడోది జాబితాలు. సూర్యఘర్ వెండర్లు, గూగుల్ మ్యాప్స్‌లో 50కి పైగా రివ్యూలున్న సంస్థలు, ఇండియామార్ట్, జస్ట్‌డయల్. ప్రభుత్వ పునరుత్పాదక ఇంధన సంస్థల (ఆంధ్రప్రదేశ్ ఊరి పేరైతే నెడ్‌క్యాప్, తెలంగాణకైతే రెడ్కో) కార్యక్రమాల్లో కనిపించే సంస్థలు. అన్నీ ఒకే షీట్‌లో పెట్టండి. కాలమ్‌లు ఇవి చాలు: సంస్థ, ఇప్పటి సైట్, ఎక్కడ దొరికింది, ప్రకటనలు ఉన్నాయా, ఊరు, మార్కులు, ఎవరికి రాయాలి, ఎప్పుడు రాశాం, ఏమన్నారు.

జెమినీ, చాట్‌జీపీటీల్లోని డీప్ రీసెర్చ్, పర్‌ప్లెక్సిటీ లాంటివి వెబ్ వెతికి లింకులతో సహా ఇస్తాయి. వాటిని నాలుగో వనరుగా వాడుకోవచ్చు, ఒక షరతుతో: లింకు తెరిచి చూడని వరుస షీట్‌లోకి ఎక్కకూడదు. లింకు నిజమైనదే అయినా అక్కడ ఆ మాట ఉండకపోవడం మామూలే.

వడపోత

ఇప్పుడు షీట్‌లో 100, 150 వరుసలు ఉంటాయి. ఇక్కడ ఏఐ మీకు రెండు రోజుల పని రెండు గంటల్లో చేసిపెడుతుంది. ఒక్కో సంస్థ హోమ్‌పేజీ, అబౌట్ పేజీలోని పాఠం కాపీ చేసి ఇవ్వండి. సైట్ అడ్రస్ ఒక్కటే ఇస్తే కొన్నిసార్లు అది పేజీ తెరవలేక, పేరును బట్టి ఊహించి రాస్తుంది. ఒక విడతకు 10 సంస్థలు దాటించకండి. 60 ఒకేసారి ఇస్తే చివరికొచ్చేసరికి ఒకరి వివరాలు ఇంకొకరికి అంటుకుంటాయి, మార్కులన్నీ 70 దగ్గర కుప్పపడతాయి.

మార్కులు ఇలా పెట్టించండి. పేరు పోలికకు 35, ఇప్పటి డొమైన్ బలహీనతకు 20, ప్రకటనల ఖర్చుకు 20, ఆ ఊళ్లోనే పని ఉండడానికి 15, చేరగల మనిషి కనిపించడానికి 10. వీటితో పాటు ఈ మాట తప్పకుండా చేర్చండి: "ప్రతి మార్కుకూ కారణంగా పేజీలోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాయి. పేజీలో లేకపోతే 'కనిపించలేదు' అని రాసి సున్నా వెయ్యి." ఇది లేకుండా చేసిన వడపోతకు విలువ లేదు. వాక్యం ఇచ్చిన చోట మీరు కంట్రోల్ ఎఫ్ కొట్టి పేజీలో ఉందో లేదో అరక్షణంలో చూడొచ్చు. మొదటి 10లో రెండు వాక్యాలు పేజీలో దొరకలేదంటే ఆ విడతంతా మళ్లీ చేయించండి.

ఒక వరుసను దగ్గరగా చూద్దాం. కూకట్‌పల్లిలో పనిచేసే ఒక ఇన్‌స్టాలర్ అనుకోండి. సైట్ అడ్రస్‌లో మూడు మాటలు, మధ్యలో రెండు హైఫన్లు. ఫుటర్‌లో కాంటాక్ట్ కింద జీమెయిల్ ఐడీ, పక్కనే వాట్సాప్ నంబర్. గ్యాలరీలో మియాపూర్, నిజాంపేట ఇళ్ల ఫొటోలు. మెటా యాడ్ లైబ్రరీలో రెండు ప్రకటనలు నడుస్తున్నాయి. ఏఐ జీమెయిల్ ఐడీని చూసి "చిన్న సంస్థ, కొనే శక్తి తక్కువ" అని మార్కులు కోస్తుంది. అది పొరపాటు. ఈ యజమాని ప్రకటనలకు డబ్బు పెడుతున్నాడు, రోజూ ఫోన్లో హైఫన్లున్న అడ్రస్ చెప్పలేక జీమెయిల్ ఇస్తున్నాడు. మన పేరు తీర్చేది సరిగ్గా ఆ ఇబ్బందినే. ఇలాంటి వరుసల కోసం 40 నుంచి 60 మార్కుల మధ్య వచ్చినవాటిని మీ కళ్లతో ఒకసారి చూడాలి. 60 దాటినవి నేరుగా తీసుకోవచ్చు, 40 లోపు వదిలేయొచ్చు.

చివరికి 30 నుంచి 40 మంది మిగలాలి. 15 మందే మిగిలితే ఆ పేరుకు మార్కెట్ ఇరుకని అర్థం, ధర కాస్త దించుకోవాలి. 100 మంది మిగిలారంటే వడపోత సరిగా జరగలేదు.

ఎవరికి, ఏ అడ్రస్‌కి

10 మంది లోపు ఉన్న సంస్థకు యజమానికే రాయాలి. 50 దాకా ఉంటే వ్యవస్థాపకుడికో మార్కెటింగ్ చూసేవారికో. 200 దాటితే డిజిటల్ లేదా బ్రాండ్ మేనేజర్. ఐటీ విభాగానికి, హెచ్‌ఆర్‌కి పంపిన మెయిల్ ముందుకు కదలదు. మనిషి పేరు లింక్డ్‌ఇన్‌లోనో, సంస్థ సైట్‌లోనో చూసి రాసుకోండి.

ఈమెయిల్ అడ్రస్‌ను ఏఐతో ఊహింపజేయకండి. హంటర్, అపోలో లాంటి టూల్స్‌తో వెతికి, వెరిఫై చేసి పంపండి. వెరిఫై ఫలితంలో క్యాచ్ ఆల్ అని వస్తే, ఆ సర్వర్ ఏ అడ్రస్‌కు పంపినా తీసుకుంటుందని అర్థం, అంటే అడ్రస్ నిజమో కాదో తేలలేదు. అలాంటివాళ్లకు సైట్‌లో ఇచ్చిన నంబర్‌కు ఒకసారి ఫోన్ చేసి ఎవరికి రాయాలో అడగడం మేలు. హైదరాబాద్, విజయవాడల్లోని చిన్న వ్యాపారాలకు అసలు ఫోనే ముందు దారి, మెయిల్ ఆ తర్వాత. అలాగని ఒకే వాట్సాప్ సందేశాన్ని 40 మందికి గుంపుగా పంపితే నంబర్ బ్లాక్ అవుతుంది.

మనుషుల ఫోన్ నంబర్లు, వ్యక్తిగత ఈమెయిళ్లు ఉన్న షీట్‌ను ఉచిత ఏఐ ఖాతాలోకి ఎక్కించకండి. వడపోతకు సంస్థ పేరు, పేజీ పాఠం చాలు.

మెయిల్

మీ సొంత డొమైన్ అడ్రస్ నుంచి మెయిల్ పంపేముందు, అది నిజంగా మీ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ సెట్టింగులు మూడూ సరిచేసుకోండి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో గట్టిగా ఉన్నాయి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదన్నది కూడా ఆ నిబంధనల్లోనిదే. రోజుకు 15 మెయిళ్లు మించొద్దు. అమ్మే డొమైన్ నుంచి పంపకండి, ఆ పేరుకే మచ్చ పడితే అమ్మడానికి ఏమీ మిగలదు.

మెయిల్ పంపేముందు ఆ డొమైన్ తెరిస్తే ఏం కనిపిస్తుందో చూడండి. మీరు 90,000 అని రాసి, అక్కడ అమ్మకం పేజీలో 2,499 డాలర్లు అని ఉంటే నమ్మకం అక్కడితో పోతుంది. ఆఫ్టర్‌నిక్, సెడో, సొంత పేజీ, మెయిల్, అన్నిచోట్లా ఒకటే ధర ఉండాలి.

ఏఐ రాసిచ్చే మొదటి చిత్తులో "మీ డిజిటల్ ప్రయాణాన్ని సరికొత్త శిఖరాలకు" లాంటి వాక్యం తప్పకుండా ఉంటుంది. రోజూ పది మార్కెటింగ్ మెయిళ్లు చూసే యజమాని ఆ వాక్యం దగ్గరే డిలీట్ కొడతాడు. "80 మాటల లోపు, విశేషణాలు లేకుండా, వాళ్ల సైట్‌లో నేను చూసిన ఒక్క నిజమైన వివరంతో మొదలుపెట్టు" అని అడగండి. సబ్జెక్ట్‌లో డొమైన్ పేరు ఒక్కటే ఉండాలి. ఇలా:

"నమస్తే అండి. మియాపూర్, నిజాంపేట ఇళ్లకు మీరు చేసిన రూఫ్‌టాప్ పనులు మీ సైట్‌లో చూశాను. మీ ఇప్పటి అడ్రస్‌లో రెండు హైఫన్లు ఉన్నాయి, ఫోన్లో చెప్పడం కష్టం. హైదరాబాద్‌సోలార్ డాట్ కామ్ నా పేరు మీద ఉంది, అమ్ముతున్నాను. ధర 90,000 రూపాయలు. ఈ పేరు గురించి ఈ వారం మరికొన్ని సంస్థలకు కూడా రాస్తున్నాను. వివరాలు కావాలంటే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి. అక్కర్లేదంటే 'వద్దు' అని ఒక్క మాట రాయండి, మళ్లీ రాయను."

లక్ష లోపు పేరుకు ధర మొదటి మెయిల్‌లోనే చెప్పడం మంచిది. చెప్పకపోతే ఎంతో అనుకుని ఊరుకుంటారు. నాలుగైదు లక్షలు దాటే పేరుకైతే ముందు ఆసక్తి అడగాలి, ధర ఫోన్లో మాట్లాడాలి. అటాచ్‌మెంట్లు వద్దు, లింకు ఒక్కటి మించొద్దు. "మరికొన్ని సంస్థలకు రాస్తున్నాను" అనేది నిజమైతేనే రాయండి. "ఇంకొకరు ఇప్పటికే అడిగారు" అని ఏఐ చేర్చితే తీసేయండి, అది అబద్ధం.

నాలుగో రోజు గుర్తుచేస్తూ ఒక మెయిల్, పదో రోజు చివరిది. ఆపైన రాయొద్దు. అమెరికాలోని తెలుగు వ్యాపారాలకు, అంటే పచ్చళ్లు, పిండివంటల పేర్లు అమ్మేటప్పుడు, అక్కడి క్యాన్ స్పామ్ చట్టం ప్రకారం మెయిల్‌లో మీ పోస్టల్ అడ్రస్ ఉండాలి, వద్దన్నవాళ్లను 10 పనిదినాల్లో తీసేయాలి. కెనడా, జర్మనీల్లో ముందస్తు అనుమతి లేని వ్యాపార మెయిల్‌కు నిబంధనలు మరీ కఠినం. ఆ రెండు దేశాలవాళ్లకు ఫోన్ నంబర్ ఉన్నా సరే, చట్టం తెలిసినవాళ్లను అడగకుండా కదలకండి.

జవాబు వచ్చాక

"ఎందుకింత ధర?" అన్నదే తరచూ వచ్చే మొదటి జవాబు. జరిగిన డొమైన్ అమ్మకాల ధరలు నమోదు చేసే నేమ్‌బయో సైట్‌లో ఊరు, సేవ కలిసిన పేర్ల పాత అమ్మకాలు వెతికి ఐదారు తీసుకోండి. ఏఐని "ఇలాంటి అమ్మకాలు చెప్పు" అని అడిగితే తేదీతో, ధరతో సహా కల్పించి ఇస్తుంది. ఎదుటివాళ్లు నేమ్‌బయోలో చూసి అది లేదని తెలుసుకుంటే బేరం ముగిసినట్టే. మీరు తెచ్చిన అమ్మకాలను దాని ముందు పెట్టి, వాటిలో మన పేరుకు ఏవి నిజంగా దగ్గరో, ఏవి కావో విడదీయమని అడిగితే మాత్రం మంచి పని చేస్తుంది. గోడాడీ, ఎస్టిబాట్‌లాంటి యాంత్రిక అంచనాలు బేరంలో పెట్టకండి. ఎదుటివాళ్లకు తక్కువ చూపించేది ఇంకోటి దొరుకుతుంది.

బేరానికి ముందే మీ అట్టడుగు ధర కాగితం మీద రాసుకోండి. 90,000కు 30,000 అన్నారనుకోండి, వెంటనే 60,000కు దిగకండి. 82,000 అనండి, లేదా మూడు నెలల వాయిదాలు ఇవ్వండి. వాయిదాల్లో డొమైన్ చివరి వాయిదా దాకా మీ ఖాతాలోనే ఉండాలి, ఆ పేరు ఏ సైట్‌కు తెరుచుకోవాలో చెప్పే నేమ్ సర్వర్లు మాత్రం వాళ్ల సైట్‌కు తిప్పొచ్చు.

జవాబుల్లో ఒక రకం మోసం. ధర అడిగినంతా ఒప్పుకుని, "ఫలానా సైట్‌లో అప్రైజల్ సర్టిఫికెట్ తీసుకుని పంపండి, డబ్బు వేస్తాం" అంటారు. ఆ సైట్ వాళ్లదే. బేరం ఆడకుండా ఒప్పుకున్నవాళ్లు ముందుగా మీ దగ్గర ఏదైనా ఖర్చు పెట్టిస్తుంటే అక్కడితో ఆపేయండి.

డబ్బు, బదిలీ

విదేశీ కొనుగోలుదారైతే, బదిలీ అయ్యేదాకా డబ్బును మధ్యలో పట్టి ఉంచే ఎస్క్రో డాట్ కామ్ వాడండి. డబ్బు వాళ్ల దగ్గర జమ అయిందని వచ్చిన మెయిల్‌లోని లింకు నొక్కకుండా, మీరే సైట్ తెరిచి ఖాతాలో చూసుకున్నాకే డొమైన్ కదపాలి. కార్డు, పేపాల్ చెల్లింపులను కొనుగోలుదారు తర్వాత వెనక్కి తీసుకోగలడు, డొమైన్ మాత్రం తిరిగి రాదు. డాలర్లు బ్యాంకులోకి వస్తే ఆ రసీదు దాచి, పన్ను లెక్క సీఏకి అప్పగించండి.

ఊళ్లోనే రూపాయల బేరమైతే ఇద్దరూ ఒకే రిజిస్ట్రార్ (డొమైన్లు రిజిస్టర్ చేసే సంస్థ) దగ్గర ఖాతా పెట్టుకోవడం తేలిక. వీడియో కాల్‌లో మీ రిజిస్ట్రార్ ఖాతాలో ఆ పేరు ఉందని చూపించండి. వాళ్లు ఐఎంపీఎస్‌లోనో ఆర్‌టీజీఎస్‌లోనో పంపుతారు. ఎస్ఎంఎస్, స్క్రీన్‌షాట్ కాదు, మీ బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ మారిందని చూశాకే పుష్ చేయండి, అంటే డొమైన్‌ను వాళ్ల ఖాతాలోకి పంపండి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నారంటే అది మోసం.

వేరే రిజిస్ట్రార్‌కు మార్చాలంటే లాక్ తీసి, బదిలీకి అనుమతిచ్చే ఆథరైజేషన్ కోడ్ ఇవ్వాలి. మీరు రిజిస్ట్రార్ పేజీలో ముందే ఒప్పుకుంటే త్వరగా అయిపోతుంది, లేకపోతే ఐదు రోజులు పడుతుంది. కొత్తగా రిజిస్టర్ చేసిన, లేదా ఈమధ్యే మరో రిజిస్ట్రార్ నుంచి మార్చిన డాట్ కామ్‌ను 60 రోజుల దాకా బయటకు మార్చడం కుదరదు. ఈ సంగతి మొదటి ఫోన్ కాల్‌లోనే చెప్పండి, డబ్బు కట్టాక చెబితే మోసం చేశారనుకుంటారు. అదే రిజిస్ట్రార్ లోపల పుష్ మాత్రం ఈ గడువులోనూ సాధారణంగా జరుగుతుంది.

పేరు వాళ్ల ఖాతాలోకి వెళ్లాక ఆర్‌డాప్‌లో మరోసారి చూసి, ఆఫ్టర్‌నిక్, సెడోల్లోని మీ పాత లిస్టింగ్ అదే రోజు తీసేయండి. మర్చిపోతే మీది కాని పేరు మళ్లీ అమ్ముడై మీ మెడకు చుట్టుకుంటుంది. పేరు అమ్ముడుపోకపోతే షీట్‌లోని "ఏమన్నారు" కాలమ్‌ను రెన్యువల్‌కు 45 రోజుల ముందు తెరవండి. "ఇప్పుడు కాదు, వచ్చే ఏడాది చూద్దాం" అన్నవాళ్లు ఇద్దరైనా ఉంటే వాళ్లకు ఒక్క మెయిల్ రాసి, జవాబు చూసి రెన్యువల్ కట్టాలో వదిలేయాలో తేల్చుకోండి.